జకాత్ లెక్క ఎలా వేసుకోవాలి: బెంగళూరులో ఉన్న మన ఇళ్ళ కోసం

జకాత్ (ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) అంటే జీతంలో రెండున్నర శాతం అనుకునేవాళ్ళు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. జీతం మీద జకాత్ లేదు. ఆ రెండున్నర శాతం, ఖర్చులన్నీ పోగా మిగిలి, ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఉన్న సొత్తు మీద ఉంది. నెలకి రెండు లక్షలు సంపాదించి రెండు లక్షలూ ఖర్చుపెట్టేసేవాడికి అసలు లేకపోవచ్చు, పాతిక వేల జీతంతో బీరువాలో పది సవర్ల బంగారం దాచుకున్న ఆమెకి మాత్రం తప్పకుండా ఉంటుంది.

కడప, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన ఇళ్ళల్లో ఒక ఇబ్బంది ఉంది, ఉర్దూ మాట్లాడతాం గానీ చాలామందిమి చదవలేం. జుమ్మా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) నిసాబ్, తమ్లీక్, ముస్తహిక్ అని వింటాం, తలూపుతాం, బయటికొచ్చాక ఎవరికి తోచినంత వాళ్ళం ఇచ్చేస్తాం. అందుకని ఆ మాటల్ని పట్టుకునే లెక్క చెప్తాను. ఇక్కడ రాసేది హనఫీ మజ్‌హబ్ (ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఒక శాఖ) పద్ధతి, మన వైపు ఎక్కువమంది పాటించేది అదే కాబట్టి. ఆఫీసులో మీ పక్క సీటులో మలబారు అతనో భట్కళ్ అతనో ఉంటే వాళ్ళు ఎక్కువగా షాఫయీ మజ్‌హబ్, కొన్నిచోట్ల లెక్క తేడా వస్తుంది, కాబట్టి అతని ఎక్సెల్ షీటు కాపీ కొట్టకండి.

నిసాబ్, తులాల గొడవ

నిసాబ్ అంటే ఇంత సొత్తు ఉంటే జకాత్ పడుతుంది అని గీసిన గీత. బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని పెద్దవాళ్ళు చెప్తారు. ఇది పాత తులం, 11.664 గ్రాములది. ఇప్పుడు నగల షాపులో తులం అంటే 10 గ్రాములు తూచి ఇస్తున్నారు, ఆ తులంతో లెక్కేస్తే బంగారం గీత 75 గ్రాములకి దిగిపోతుంది. అసలు గీత 87.48 గ్రాములు. వెండికి 612.36. దుబాయ్‌లో ఉన్న మీ బావ 85 గ్రాములు, 595 గ్రాములు అన్నాడంటే అతను చెప్పేదీ తప్పేం కాదు, మూలంలో ఉన్నది 20 మిస్కాళ్ళ బంగారం, 200 దిర్హంల వెండి (ఇవి పాత అరబ్బు తూకాలు), వాటిని గ్రాముల్లోకి మార్చేటప్పుడు అక్కడి ఉలమా (మత పండితులు) వేసిన తూకం అది.

రెండు గీతల్లో మనకి ఏది? బంగారం తప్ప ఇంకేమీ లేనివాళ్ళకే బంగారం గీత, అంటే చేతిలో నగదు, వెండి, వ్యాపార సరుకు ఏవీ ఉండకూడదు. అలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఎవరుంటారు చెప్పండి, జన్‌ధన్ ఖాతాలోనైనా ఎంతో కొంత పడి ఉంటుంది. బంగారంతో పాటు నగదు కూడా ఉంటే అన్నిటి విలువా కలిపి వెండి గీతతో పోల్చాలి. లెక్క సులువు కోసం వెండి గ్రాము 200, బంగారం అమ్మితే వచ్చే ధర గ్రాము 10,000 అనుకుందాం (మీరు వేసేటప్పుడు ఆ రోజు రేటు చూసుకోండి). వెండి గీత 1,22,472 రూపాయలు. ఐదు సవర్లు, అంటే 40 గ్రాముల బంగారం, బ్యాంకులో పదివేలు ఉన్నామె సొత్తు 4,10,000. ఆమె సాహెబె నిసాబ్, అంటే నిసాబ్ దాటిన మనిషి. "నాకున్నది ఐదు సవర్లేగా, ఏడున్నర తులాలు లేదు కదా" అని ఊరుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో.

తర్వాత తేదీ. మీ సొత్తు మొదటిసారి నిసాబ్ దాటిన చాంద్ తేదీ (చంద్రుడి నెలల ప్రకారం తేదీ) మీ జకాత్ తేదీ, అక్కణ్ణుంచి చాంద్ ఏడాది, అంటే దాదాపు 354 రోజులు, తిరగడాన్ని హవ్ల్ అంటారు. ఎప్పుడు దాటిందో గుర్తుండదు కాబట్టి చాలామంది రంజాన్ ఒకటో తేదీ పెట్టుకుంటారు, బాగా ఆలోచించినా గుర్తు రాకపోతే అలా పెట్టుకోవచ్చు. ఒకసారి పెట్టుకున్నాక మార్చకండి. మధ్యలో బ్యాలెన్సు కిందికి జారినా, పూర్తిగా సున్నా కాకపోతే హవ్ల్ తెగదు. పోయిన నెల పడిన బోనస్‌కి ఏడాది నిండలేదు కదా అని పక్కన పెట్టడం కూడా కుదరదు, ఆ తేదీన చేతిలో ఏముంటే అదంతా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారమే చేసుకుంటాను అంటే శాతం 2.577 వెయ్యాలి, పదకొండు రోజులు ఎక్కువ కదా.

ఏది కలపాలి, ఏది వద్దు

ఉంటున్న ఇల్లు, తిరిగే కారు, వాడే ల్యాప్‌టాప్, ఫ్రిజ్, వీటికి జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఫ్లాటు విలువకి కూడా లేదు, వచ్చిన అద్దెలో మిగిలినది మీ డబ్బుతో కలుస్తుంది, అంతే. నగదు, బ్యాంకు, ఎఫ్‌డీ అసలు, బంగారం, వెండి, షాపులో సరుకు, రావాల్సిన అప్పులు కలపాలి. బంగారం వేసుకునే నగైనా లాకర్లో ఉన్నదైనా హనఫీలో ఒకటే. షాఫయీలో మామూలుగా వేసుకునే నగలకి లేదు, పక్క సీటుతో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. విలువ కట్టేటప్పుడు కొన్న బిల్లు చూడకండి, తరుగు, మజూరీ, రాళ్ళు తీసేసి ఈ రోజు అమ్మితే షాపువాడు ఎంతిస్తాడో అది రాసుకోండి.

సైట్ల (ఇంటి స్థలాల) సంగతి మన తెలుగువాళ్ళకి మరీ ముఖ్యం. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన మూడో ఏడు మనవాడు హోస్కోటలోనో ఆనేకల్‌లోనో దేవనహళ్ళి దగ్గరో ఒక సైటు కొనకుండా ఉండడు. దాని మీద జకాత్ ఉందా లేదా అన్నది కొన్నప్పటి నియ్యత్ (మనసులోని ఉద్దేశం) మీద ఉంటుంది. ఇల్లు కట్టుకుందామని కొంటే లేదు. పిల్లలకి పనికొస్తుందని కొంటే లేదు. ఏమీ అనుకోకుండా, డబ్బులున్నాయి కదా అని కొని పడేసినా లేదు. రేటు పెరిగాక అమ్ముదామనే గట్టి ఉద్దేశంతో కొంటే మాత్రం అది వ్యాపార సరుకు, ప్రతి ఏడాదీ ఆనాటి మార్కెట్ ధర మీద రెండున్నర శాతం. ఇంటికని కొని తర్వాత అమ్మాలనిపిస్తే, అమ్మి డబ్బు చేతికొచ్చేదాకా లేదు. మాలికీ మజ్‌హబ్‌లో ధర పెరగాలని ఊరికే పెట్టుకున్న సరుకుకి అమ్మినప్పుడు ఒక్క ఏడాదికి ఇస్తే చాలు, కానీ మనకి బరువైన చోటల్లా ఇంకో మజ్‌హబ్‌లోకి దూకడం పద్ధతి కాదు, ముఫ్తీ సాబ్‌ని (ధర్మ సందేహాలు తీర్చే పండితుణ్ణి) అడిగి చెయ్యండి.

ఇంటి అడ్వాన్సు ఇంకో తలనొప్పి. ఈ ఊళ్ళో పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం పాత అలవాటు, ఇప్పుడు కొన్నిచోట్ల తగ్గినా లక్షకి తక్కువ ఎక్కడుంది. అది ఓనరు వాడేసుకుంటున్నాడు కాబట్టి మీరు అతనికిచ్చిన అప్పు లాంటిది, కలపాలని కొందరు ఉలమా అంటారు. ఖాళీ చేసేదాకా మీరు ముట్టుకోలేరు కాబట్టి కలపక్కర్లేదని కొందరు అంటారు. మీ మసీదు ముఫ్తీ ఏది చెప్తే అది ప్రతి ఏడాదీ అలాగే పాటించండి, ఒక ఏడాది కలిపి ఒక ఏడాది వదిలేయడం వద్దు.

లీజు ఇల్లు మాత్రం వేరే కథ. పదిహేను లక్షలు ఒకేసారి ఓనరుకి కట్టి, మూడేళ్ళు అద్దె లేకుండా ఉండి, పోయేటప్పుడు పదిహేను లక్షలూ వెనక్కి తీసుకునే పద్ధతి. పేరు లీజు గానీ షరియత్ కంటికి అది ఖర్జ్, అప్పు. అప్పిచ్చి దాని మీద ఊరికే ఇంట్లో ఉండటం లాభం తీసుకోవడమే, అంటే సూద్ (వడ్డీ) అవుతుందని ఎక్కువమంది ఉలమా చెప్తారు. ఇప్పటికే అందులో ఉంటే బయటపడే దారి ముఫ్తీతో మాట్లాడుకోండి, కానీ ఆ పదిహేను లక్షలు మీవే, తిరిగి వచ్చేవే, కాబట్టి జకాత్ లెక్కలో అవి ఉంటాయి.

చీటీలో ఇప్పటిదాకా కట్టి ఇంకా ఎత్తుకోకపోతే కట్టినంతా మీకు రావాల్సిన అప్పు, కలపండి. ఎత్తేసుకుంటే ఇంకా కట్టాల్సినవి మీ బాకీ. పాట చీటీలో తగ్గించి పాడుకునే పద్ధతి మీదే ఉలమాకి అభ్యంతరం ఉంది, అది వేరే చర్చ. కంపెనీ తప్పనిసరిగా కోసే పీఎఫ్‌కి చేతికి వచ్చేదాకా జకాత్ లేదని మన దేశంలో చాలామంది ఉలమా మాట, మీ అంతట మీరు అదనంగా వేయించుకునేదాన్ని కలపమంటారు. షేర్లు ఈ రోజు కొని రేపు అమ్మే రకమైతే మొత్తం విలువ మీద. ఇంకా మీ పేరు మీదకి రాని స్టాక్ ఆప్షన్లు వదిలేయండి.

బాకీలు తీసెయ్యొచ్చు. కానీ ఇరవై ఏళ్ళ హోమ్‌లోన్ మొత్తం తీసేస్తే ఈ ఊళ్ళో ఐటీ ఉద్యోగి ఒక్కడు కూడా జకాత్ ఇవ్వక్కర్లేదు, అందుకే ఇప్పటి ఉలమా ఇప్పటికిప్పుడు కట్టాల్సిన కంతులే తీయమంటారు. కొందరు ఈ నెలవి అంటారు, కొందరు ఏడాదివి.

ఒక ఇంటి లెక్క

ఊహించుకున్న ఇల్లే, బీటీఎం లేఅవుట్‌లో అనుకోండి. ముందు తెలుసుకోవాల్సింది, భార్యకీ భర్తకీ లెక్కలు వేరు. ఇస్లాంలో సొత్తు ఎవరిది వాళ్ళదే. మహర్‌గా (పెళ్ళిలో భర్త ఇచ్చేదిగా) వచ్చినది, పుట్టింటివాళ్ళు పెట్టినది ఆమెది, దాని జకాత్ కూడా ఆమె మీదే. ఆయన కడతానంటే ఆమెకి చెప్పి, ఆమె ఒప్పుకుంటే కట్టొచ్చు.

ఆమె దగ్గర 15 సవర్లు, 120 గ్రాములు, పైన అనుకున్న రేటుకి 12,00,000. ఖాతాలో 40,000. ఎత్తుకోని చీటీ 60,000. మొత్తం 13,00,000. నలభైతో భాగిస్తే, అంటే రెండున్నర శాతం తీస్తే, 32,500. అంత నగదు చేతిలో లేదా, నెలనెలా కొంచెం కొంచెం ఇవ్వొచ్చు, బంగారమే ఇవ్వొచ్చు, ఒక చిన్న నగ అమ్మొచ్చు. "వేసుకునే బంగారానికి ప్రతి ఏడాదీనా" అని మొహం చిట్లించే అత్తగార్లకి జవాబు, ప్రతి ఏడాదీనే.

ఆయనకి బ్యాంకులో 3,50,000, అడ్వాన్సు 1,50,000 (వాళ్ళ ముఫ్తీ కలపమన్నారు), బావమరిదికి చేబదులిచ్చిన 50,000, క్రెడిట్ కార్డు బాకీ 30,000. మిగిలేది 5,20,000, జకాత్ 13,000. ఇప్పుడు హోస్కోట సైటు, నేటి ధర 40,00,000. ఇల్లు కడదామని కొని ఉంటే ఆ 13,000తో సరి. అమ్మడానికని కొని ఉంటే మొత్తం 45,20,000, జకాత్ 1,13,000. అదే మట్టి, అవే పత్రాలు, లక్ష తేడా. కాబట్టి కొన్నరోజే ఒక కాయితం మీద దేనికి కొంటున్నారో రాసి పెట్టుకోండి, ఐదేళ్ళ తర్వాత మన జ్ఞాపకం మన జేబు వైపే మొగ్గుతుంది.

ఎవరికి ఇవ్వాలి

ఖురాన్‌లో తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో (వాక్యంలో) ఎనిమిది రకాల ముస్తహిక్‌లు, అంటే జకాత్‌కి అర్హులు, ఉన్నారు: ఫకీర్లు (పేదలు), మిస్కీన్లు (నిరుపేదలు), జకాత్ వసూలు పని చేసేవాళ్ళు, మనసు దగ్గర చేసుకోవాల్సినవాళ్ళు, బానిసత్వం నుంచి విడిపించాల్సినవాళ్ళు, అప్పుల్లో మునిగినవాళ్ళు, అల్లా మార్గంలో ఉన్నవాళ్ళు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు. మనకి రోజూ ఎదురయ్యేది పేదలు, అప్పులవాళ్ళు, ప్రయాణికులు. ఈ చివరి రకాన్ని బెంగళూరులో ఉన్న మనం అసలు పట్టించుకోం. నిమ్హాన్స్ ముందో కిద్వాయ్ ఆస్పత్రి దగ్గరో రాయలసీమ నుంచి పేషెంటుతో వచ్చి, కన్నడ రాక, తెచ్చిన డబ్బు అయిపోయి కూర్చున్న మనవాళ్ళు కనిపిస్తారు. ఊళ్ళో రెండెకరాలున్నా ఇక్కడ ఇప్పుడు చేతికి ఏమీ అందకపోతే వాళ్ళకి అవసరమైనంత జకాత్ చెల్లుతుంది. తెలుగు తెలిసిన మనమే వాళ్ళని త్వరగా గుర్తుపట్టగలం.

అమ్మానాన్న, తాత నాయనమ్మ, కొడుకులు కూతుళ్ళు, మనవలు, భార్య, భర్త, వీళ్ళకి జకాత్ చెల్లదు. వాళ్ళని పోషించడం ఎటూ మన బాధ్యతే. పేదరికంలో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఖాలా (అమ్మ అక్కచెల్లెళ్ళు), ఫుప్పూ (మేనత్త), మామూ (మేనమామ), వీళ్ళకి చెల్లుతుంది, పైగా రెండింతల పుణ్యం. కడపలో ఉన్న చెల్లెలికి ఫోన్‌పే చెయ్యొచ్చు, అది జకాత్ అని చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఇచ్చేటప్పుడు మీ మనసులో నియ్యత్ ఉంటే చాలు, పిల్లల బట్టలకి అని పంపండి. సయ్యద్ (ప్రవక్త వంశం) ఇళ్ళవాళ్ళకి జకాత్ ఇవ్వకూడదు, వాళ్ళకి వేరే డబ్బుతో సాయం చెయ్యండి. నిసాబ్ ఉన్నవాళ్ళు తీసుకోకూడదు. జకాత్ ముస్లిం పేదలకే అన్నది ఎక్కువమంది ఫఖీహుల (ధర్మశాస్త్ర పండితుల) మాట, సదకాకి (ఇష్టం కొద్దీ ఇచ్చే దానానికి) ఆ హద్దు లేదు, పనిమనిషైనా వాచ్‌మన్ అయినా ఏ మతంవాళ్ళకైనా ఇవ్వొచ్చు. అన్నట్టు పనిమనిషి జీతాన్ని జకాత్‌లో కలపడం కుదరదు, అది కూలి.

ఇక తమ్లీక్. అంటే డబ్బు పేదవాడి చేతిలో పెట్టి అతన్ని దానికి యజమానిని చెయ్యాలి. అందుకే మసీదు కట్టడానికి, బోరు వెయ్యడానికి, ఇఫ్తార్ టెంటుకి జకాత్ డబ్బు పనికిరాదు. పేద పిల్లవాడి ఫీజు కట్టాలంటే వాళ్ళ నాన్న చేతికివ్వండి, లేదా ఆయన అనుమతి తీసుకుని ఆయన తరఫున కట్టండి. మీకు బాకీ ఉన్న పేదవాడికి "పోనీలే వదిలేశా, అదే జకాత్" అన్నా చెల్లదు. ముందు జకాత్ అతని చేతిలో పెట్టండి, అది అతనిదయ్యాక బాకీ తీర్చమని అడగండి. రంజాన్‌లో రసీదు బుక్కులు పట్టుకుని వచ్చే మద్రసా సఫీర్లని ఒక్క ప్రశ్న అడగండి, జకాత్ పద్దు వేరుగా రాస్తున్నారా అని. రసీదు మీద జకాత్, ఫిత్రా, లిల్లా అని గళ్ళు ఉంటాయి, టిక్ పెట్టించుకోకుండా డబ్బు ఇవ్వకండి.

జకాత్ కాని మిగతావి

లిల్లా, సదకా మీ ఇష్టం కొద్దీ ఇచ్చేవి, మసీదు ఫ్యాను నుంచి బోరు దాకా దేనికైనా. బ్యాంకు వడ్డీ ఈ రెండూ కాదు, పుణ్యం ఆశించకుండా పేదలకి ఇచ్చి వదిలించుకోవాలి, దాన్ని జకాత్ కింద రాసుకునే తెలివితేటలు వద్దు.

ఫిత్రా, అంటే రంజాన్ చివర ఈద్‌కి ఇచ్చే దానం, తలకింత. తండ్రి తనకీ చిన్నపిల్లలకీ ఇస్తాడు, ఈద్ నమాజ్‌కి ముందే పేదల చేతికి అందాలి. గోధుమల లెక్కన మనిషికి 1.6 నుంచి 2 కిలోల మధ్య చెప్తారు, ఖర్జూరం, కిస్మిస్, బార్లీ అయితే దానికి రెట్టింపు. మసీదు బోర్డు మీద రాసేది సాధారణంగా అన్నిటికన్నా తక్కువది, గోధుమల ధర. లక్షల్లో జీతం ఉన్నవాడు కిస్మిస్ ధరకి ఇస్తే ఏం పోతుంది?

ఊళ్ళో పొలం ఉంటే ఉషర్ (పంట మీద ఇచ్చే వాటా) సంగతి చూసుకోండి. వానమీద పండితే పంటలో పదో వంతు, బోరు నీళ్ళతో అయితే ఇరవయ్యో వంతు, ఏడాది నిండాలన్న షరతు లేదు, పంట వచ్చినప్పుడల్లా. ఇమామ్ అబూ హనీఫా దగ్గర టమాటాకీ ఉంది, ఎరువుల ఖర్చు తీయకముందే. ఇండియా భూముల మీద ఉషర్ తప్పనిసరా కాదా అని ఉలమాలో భేదం ఉంది, అయినా ఇవ్వడం మేలంటారు.

హిబా, వసీయత్, వక్ఫ్, ఈ మూడింటినీ కలిపేయకండి. హిబా అంటే బతికుండగా ఇచ్చేయడం, ఇస్తున్నానని చెప్పడం, తీసుకునేవాళ్ళు ఒప్పుకోవడం, స్వాధీనం చెయ్యడం, మూడూ ఉండాలి. "ఇల్లు కూతురికిచ్చేశాం" అంటూ తాళం, అద్దె మీ దగ్గరే పెట్టుకుంటే హిబా పూర్తి కాలేదు. వసీయత్ (వీలునామా) ఆస్తిలో మూడో వంతు దాటకూడదు, వాటా వచ్చే వారసులకి చెయ్యాలంటే మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. వక్ఫ్ చేసిన (ధర్మకార్యాలకి శాశ్వతంగా ఇచ్చేసిన) ఆస్తి ఇక అమ్మడానికి, పంచుకోవడానికి లేదు, దానికి ఉన్న చట్టం 1995ది, 2025లో మార్చారు, లాయర్ లేకుండా కదలకండి.

పాత ఏళ్ళవి ఇవ్వకపోతే

కూర్చుని ఒక్కో ఏడాదీ అంచనా వెయ్యండి. మొదటి ఏడాది 10,00,000 ఉంటే 25,000, ఆ బాకీ తీసేసి రెండో ఏడాది 9,75,000 మీద 24,375, అలా దిగుతూ రండి. బంగారానికైతే తూకంలో లెక్కేసి ఇచ్చే రోజు ధర కట్టండి. మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే విడతలుగా ఇవ్వండి, కానీ ఎంత బాకీ ఉందో రాసి వసీయత్‌లో చేర్చి, ఆ కాయితం ఎక్కడుందో ఇంట్లో చెప్పి పెట్టండి. హనఫీ పద్ధతిలో మనిషి పోయాక, వసీయత్ చేసి ఉంటేనే అతని జకాత్ బాకీ ఆస్తిలో మూడో వంతులోంచి తీస్తారు, చెయ్యకపోతే అది తీర్చాల్సిన బాధ్యత వారసుల మీద ఉండదు.